రోజుల లెక్కా, కోట్ల లెక్కా?

సినిమా ఎంత పెద్ద హిట్టని నెల్లూరులో అడిగితే పెద్దవాళ్లు ఆడిన రోజులు చెబుతారు, కుర్రాళ్లు కోట్లు చెబుతారు.

1963 నాటి 'లవకుశ'నే తీసుకోండి. అప్పట్లో ప్రింట్లు తక్కువ. బొమ్మ ముందు పెద్ద ఊళ్లకు వచ్చేది. కావలి, కందుకూరు దాటి పల్లెల్లోని టూరింగ్ టాకీసులకు చేరేసరికి చాలా కాలం పట్టేది. ఇంట్లో టీవీ లేదు కాబట్టి చూసినవాళ్లే మళ్లీ నేల టికెట్టు కొనేవాళ్లు. వంద రోజులు ఆడే వీలు అందుకే ఉండేది. (తర్వాత్తర్వాత పోస్టర్ కోసం లాగిన వంద రోజులూ ఉన్నాయనుకోండి.)

2017లో 'బాహుబలి 2' వెయ్యి కోట్లు దాటింది. ఒకేరోజు వేల తెరలు, పెరిగిన టికెట్ ధరలు, హిందీ, విదేశీ మార్కెట్లు అన్నీ కలిసిన మొత్తం అది. అందులో నెల్లూరు ఏరియాది చిన్న ముక్క. పైగా పోస్టర్ మీద వేసేది గ్రాస్, అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం వసూలు. పన్నులు, థియేటర్ అద్దెలు పోగా మిగిలే షేర్ పెట్టుబడిని దాటితేనే ఆ ఏరియాలో ఆడించే హక్కులు కొన్న డిస్ట్రిబ్యూటర్‌కి అది హిట్టు.

నన్నడిగితే తెగిన టికెట్లు పోల్చడమే కాస్త న్యాయం. అప్పుడైనా 1963లో జనాభా ఇప్పటికంటే చాలా తక్కువని గుర్తుపెట్టుకోవాలి.