రావ్4కి ట్రైలర్ హిచ్: ఏడాది వాడాక నా మాట

మేం డల్లాస్ పక్కన ఉంటాం. ఇక్కడి మట్టి మన నల్లరేగడి లాంటిదే, వానకు బంకలా అంటుకుంటుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అందుకే బీర, దొండ, గోంగూర వేయాలంటే ఏటా మంచి మట్టి తెచ్చి పోయాల్సిందే. దానికోసం పికప్ ట్రక్ కొనే ఉద్దేశం లేదు. ఉన్న 2021 టయోటా రావ్4 ఎక్స్ఎల్ఈ కారుకే హిచ్, అంటే వెనక ట్రైలర్ తగిలించే ఇనుప చట్రం, పెట్టించి, 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉన్న చిన్న ట్రైలర్ కొన్నాను.

హిచ్ విషయంలో ఒక్క వంక కూడా లేదు. క్లాస్ 3 (హిచ్ బలాన్ని చెప్పే తరగతి), రెండంగుళాల రిసీవర్, అంటే బాల్ ఉన్న కడ్డీ దూర్చే చదరపు గొట్టం. ఆ బాల్ అనే ఇనుప గుండు మీదే ట్రైలర్ ముక్కు కూర్చుంటుంది. కారు కింద ముందే ఉన్న రంధ్రాల్లోనే బోల్టులు పడ్డాయి, డ్రిల్లింగ్ అక్కర్లేకపోయింది. ఏడాదైనా తుప్పు లేదు, గతుకుల్లో చప్పుడు లేదు. బిగించిన షాపుకి మాత్రం నేను మళ్లీ వెళ్లను. హిచ్ మీద 3,500 పౌండ్లు అని స్టిక్కర్ ఉంటే, అది చూపించి ‘ఇక మీరు 3,500 దాకా లాగొచ్చు’ అని పంపించేశారు. ఇంటికొచ్చి కారు మాన్యువల్ తీస్తే 1,500 అని ఉంది! స్టిక్కర్ చెప్పేది ఆ ఇనుము ఎంత మోయగలదో, అంతే. అదే ఏడాది రావ్4లో అడ్వెంచర్ మోడల్ 3,500 లాగుతుంది, ఎందుకంటే దానికి పెద్ద రేడియేటర్, ఇంజిన్ ఆయిల్‌కీ గేర్‌బాక్స్ ఆయిల్‌కీ కూలర్లు కంపెనీలోనే పెట్టి ఇస్తారు. మనం వెనక ఎంత బలమైన హిచ్ బిగించినా ఆ కూలర్లు రావు కదా. కారు, హిచ్, బాల్, ట్రైలర్, వీటిలో ఏది అన్నిటికన్నా తక్కువ ఉందో అదే మన లిమిట్. దయచేసి ఇది ఎవరూ తేలిగ్గా తీసుకోకండి.

పైగా 1,500లో ట్రైలర్ సొంత బరువు కూడా కలిసే ఉంటుంది. నాది ఖాళీగానే 600, మిగిలింది 900. మట్టి అమ్మే చోట లోడర్‌తో పోయించుకుందామంటే, తడి మట్టి ఒక క్యూబిక్ యార్డు 2,000 పౌండ్లు దాటుతుంది, అర క్యూబిక్ యార్డు పోయించుకున్నా లిమిట్ దాటిపోతాం. అందుకే 40 పౌండ్ల బస్తాలు 20 వేసుకుంటాను. 800, ట్రైలర్‌తో కలిపి 1,400.

మొదటిసారి ఆ బస్తాలన్నీ దించడానికి వీలుగా ఉంటుందని వెనక డోర్ దగ్గరే పేర్చాను. గంటకు 45 మైళ్ల వేగం దాటగానే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది, స్టీరింగ్ చేతిలో అటూ ఇటూ లాగుతోంది, పక్కన మా ఆవిడ డోర్ హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది. గట్టిగా బ్రేక్ వేయకుండా, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీద కాలు తీసేశాను. నెమ్మదించాక పక్కకు ఆపి బస్తాలు ముందుకు జరిపాను. ఊళ్లో ఎడ్లబండికి లోడు ఎత్తినవాళ్లకి ఇది కొత్త కాదు: వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందు ఎక్కువైతే ఎడ్ల మెడ మీద పడుతుంది. ఇక్కడా అంతే. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ బాల్ మీద పడాలి, లోడులో 60 శాతం ట్రైలర్ ముందు సగంలో ఉండాలి. ఇంట్లో బరువు చూసుకునే మెషిన్ వాకిట్లో పెట్టి, దాని మీద చెక్క దిమ్మ నిలబెట్టి, ట్రైలర్ ముక్కు దాని మీద దించి చూశాను. 145 వచ్చింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఊగలేదు. ఆ 145 పౌండ్లు కారు మోసే బరువులోకే వస్తాయి, డ్రైవర్ డోర్ దగ్గరున్న స్టిక్కర్‌లో ఆ లెక్క చూసుకోవచ్చు. అందుకే మట్టి తెచ్చే రోజు పిల్లల్ని తీసుకెళ్లను.

వైరింగ్ కూడా ఆ షాపే చేసింది. ట్రైలర్ లైట్లకి నాలుగు పిన్నుల ప్లగ్, వాటికి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు తీసుకుని ఇచ్చే మాడ్యూల్ (చిన్న ఎలక్ట్రానిక్ డబ్బా), వస్తువు మంచిదే. కానీ ఎడమ ఇండికేటర్ వేస్తే ట్రైలర్ టెయిల్ లైట్లు రెండూ మసకబారేవి. రెండు వారాలు బల్బులు మారుస్తూ టెన్షన్ పడ్డాను. చివరికి చూస్తే తెల్ల వైరు, అంటే గ్రౌండ్, పెయింట్ మీదే స్క్రూ వేసి వదిలేశారు. గరుకు కాగితంతో అక్కడ పెయింట్ గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది మళ్లీ బిగిస్తే, ఐదు నిమిషాల్లో సరిపోయింది. మీరు చేయించుకుంటే షాపు దాటకముందే ట్రైలర్ తగిలించి, లైట్లు, ఇండికేటర్లు, బ్రేకు అన్నీ ఒకేసారి వేయించి చూడండి. సేఫ్టీ గొలుసులు ట్రైలర్ ముక్కు కింద ఒకదానిమీదొకటి అడ్డంగా తగిలించాలని కూడా వాళ్లు చెప్పలేదు. బాల్ ఊడితే ట్రైలర్ ముక్కు రోడ్డును తాకకుండా ఆ గొలుసులే పట్టుకుంటాయి.

ఈ శనివారం మళ్లీ 40 బస్తాలు తేవాలి, రెండు ట్రిప్పుల్లో.