అప్‌టైమ్ కుమా: ఇన్నేళ్లు వాడాక నా మాట

అప్‌టైమ్ కుమా అంటే మన సైట్లు, సర్వర్లు పనిచేస్తున్నాయో లేదో కొన్ని క్షణాలకోసారి చూసి, పడిపోతే మెసేజ్ కొట్టే సాఫ్ట్‌వేర్. 2021లో లూయిస్ లామ్ అనే డెవలపర్ దీన్ని బయటికి వదిలిన కొన్నాళ్లకే పెట్టుకున్నాను, ఇప్పటికీ అదే నడుస్తోంది. నేను చూసుకునేవి చిన్నవే: రెండు బట్టల షాపుల సైట్లు, ఒక కోచింగ్ సెంటర్ సైటు, ఒక బిల్లింగ్ సర్వర్. ఇది ఉచితం, ఓపెన్ సోర్స్, డాకర్ (సాఫ్ట్‌వేర్‌ని కావాల్సినవన్నీ కలిపిన డబ్బాలా నడిపే టూల్) ఉంటే ఒక్క కమాండ్‌తో 3001 పోర్టులో లేచి కూర్చుంటుంది.

దీని అవసరం ఎక్కడొచ్చిందంటే, హోస్టింగ్ వాళ్లు చెప్పే "సర్వర్ ఆన్‌లోనే ఉందండీ" అన్న మాట దగ్గర. సర్వర్‌లో అప్‌టైమ్ కమాండ్ కొడితే లినక్స్ ఎన్ని రోజులుగా రీబూట్ కాలేదో చెబుతుంది, అంతే. అలా నెలల తరబడి ఆగకుండా నడుస్తున్న మెషీన్‌లోనే డేటాబేస్ పడిపోయి కస్టమర్‌కి ఖాళీ పేజీ కనబడొచ్చు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్ ఆరు గంటల పాటు పోయినప్పుడూ ఇలాంటిదే జరిగింది. మెయింటెనెన్స్ పనిలో కొట్టిన ఒక కమాండ్ డేటాసెంటర్ల మధ్య లింకుల్ని తెంపేసింది, ఆ వెంటే ఇంటర్నెట్‌కి దారి చూపే బీజీపీ రూట్లు పోయి, సైటు పేరుని అడ్రసుగా మార్చే డీఎన్‌ఎస్ దొరకలేదు. లోపల సర్వర్లకు కరెంటుంది, బయటివాళ్లకి దారే లేదు. వాడేవాళ్లకి తెరుచుకోకపోతే అది డౌనే, ఇందులో రెండో మాట లేదు.

అందుకే కుమాలో నాకు బాగా నచ్చింది కీవర్డ్ మానిటర్, అంటే పేజీలో మనం చెప్పిన మాట ఉందో లేదో చూసేది. మామూలు హెచ్‌టీటీపీ మానిటర్‌కి 200 కోడ్ ("పేజీ సరిగ్గానే ఇచ్చాను" అని సర్వర్ చెప్పే నంబర్) వస్తే చాలు, పచ్చగీత గీసేస్తుంది. అడ్మిషన్ల టైములో ఒకసారి కోచింగ్ సెంటర్ సైటులో డేటాబేస్ కనెక్షన్లు నిండిపోయాయి. అప్లికేషన్ ఏమో "కాసేపాగి ప్రయత్నించండి" అన్న పేజీని 200 కోడ్‌తోనే పంపిస్తోంది, హోస్టింగ్ కంపెనీ స్టేటస్ పేజీ నిండా పచ్చదనమే. కుమా మాత్రం పేజీలో ఉండాల్సిన "దరఖాస్తు నంబర్" అన్న మాట కనబడక, ముందు నారింజ రంగు గీత పెట్టి, మళ్లీ మళ్లీ చూసి, చివరికి ఎర్రగీత గీసి టెలిగ్రామ్‌లో మెసేజ్ కొట్టింది. తల్లిదండ్రుల ఫోన్లు మొదలయ్యేలోపే సర్దేశాం.

బ్యాకప్‌లకి పుష్ మానిటర్ వాడతాను. రాత్రి స్క్రిప్టు పని పూర్తిచేసి చివర్లో కుమా ఇచ్చిన లింకుని కర్ల్ అనే కమాండ్‌తో పిలుస్తుంది, టైముకి ఆ పిలుపు రాకపోతే అలర్ట్. ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ (బ్రౌజర్‌లో సైటు సురక్షితమని చూపించేది) గడువు దగ్గరపడినా ముందే చెబుతుంది.

ఇక శాతాల సంగతి. హోస్టింగ్ వాళ్లు 99.9 శాతం అప్‌టైమ్ అని మాటిస్తే గొప్పగానే వినిపిస్తుంది గానీ, 30 రోజుల నెలలో 43 నిమిషాలు, ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు సైటు పోయినా ఆ మాట నిలబడ్డట్టే. ఆ 43 నిమిషాలు తెల్లవారుజామున మూడింటికి పోతే ఎవరికీ పట్టదు, దసరా ముందు సాయంత్రం బట్టల షాపు సైటుకి పోతే ఆ రోజు వ్యాపారం గోవిందా, శాతంలో మాత్రం రెండూ ఒకటే. పైగా చాలా ఒప్పందాల్లో ముందే చెప్పి చేసే మెయింటెనెన్స్‌ని డౌన్‌టైమ్‌లో కలపరు, పరిహారం అంటే తర్వాతి బిల్లులో కాస్త తగ్గింపు. డబ్బు కట్టేముందు ఆ ఒప్పందం పేజీ చదవండి.

లోపాలున్నాయి. పెద్దది, ఒక్కచోటి నుంచే చూడటం. కుమా ఉన్నచోట నెట్ పోతే అన్ని సైట్లూ ఒకేసారి ఎర్రబడతాయి, అర్ధరాత్రి అనవసరపు టెన్షన్. సైటున్న సర్వర్‌లోనే దీన్ని పెడితే దాంతోపాటే ఇదీ పోతుంది కాబట్టి, వేరే కంపెనీ దగ్గర చిన్న వీపీఎస్ (అద్దెకిచ్చే వర్చువల్ సర్వర్) తీసుకోవాల్సిందే. 60 సెకన్లకోసారి చూసేలా పెడితే మధ్యలో అరనిమిషం పడిలేచిన సంగతి దానికి తెలియదు. పాత వెర్షన్‌లో హిస్టరీ పెరిగేకొద్దీ దాన్ని దాచుకునే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ బరువెక్కి డ్యాష్‌బోర్డ్ నత్తనడక నడిచేది, 2వ వెర్షన్‌లో దాని బదులు మరియాడీబీ అనే డేటాబేస్ పెట్టుకునే వీలొచ్చింది.

దేశదేశాల్లో కస్టమర్లున్నవాళ్లకి ఇదొక్కటే చాలదు, నాలుగైదు ఊళ్ల నుంచి చూసే పెయిడ్ సర్వీసు కూడా కావాలి. నాలాగా నాలుగైదు సైట్లు చూసుకునేవాళ్లు మాత్రం నిశ్చింతగా పెట్టుకోండి. రీట్రైలు (డౌన్ అని చెప్పేముందు మళ్లీ చూసే సార్లు) 2 లేదా 3 ఉంచండి, ఒక్కసారి తడబడగానే మెసేజ్ వచ్చేలా పెడితే వారం తిరక్కుండానే ఆ మెసేజ్‌లొచ్చే గ్రూపుని అందరూ మ్యూట్ చేసేస్తారు.