12,760 రూపాయల్లో నా మొదటి పుస్తకం: విజయవాడ డీటీపీ షాపుకి నాలుగు స్టార్లు

ముందే చెప్తున్నా, షాపు పేరు రాయట్లేదు, మెచ్చుకునేవాటితో పాటు తిట్టేవి కూడా ఉన్నాయి మరి. నా పుస్తకం పేరు కూడా రాయను, రివ్యూ పేరుతో పబ్లిసిటీ చేసుకుంటోంది అంటారు. విజయవాడ గవర్నర్‌పేటలో అలాంటి డీటీపీ షాపులు, అంటే కంప్యూటర్‌లో పేజీలు సర్ది అచ్చు వేసిచ్చేవి, సందుకి రెండుంటాయి, మీకు దొరికినదాంట్లో ఏం అడగాలో తెలిస్తే చాలు.

మా ఆయన ఫ్యాన్సీ షాపు మూసేశాక ఫ్లాటు అమ్మి అప్పులు తీర్చేసి తెనాలిలో రెండు గదుల పోర్షన్‌లోకి వచ్చాం. అప్పటికి నాకు 47. నెలకి 19,000తో సంసారం మళ్ళీ మొదటినుంచి మొదలు. ఆ రెండేళ్ళూ రాసిన పద్దు పుస్తకాలు మూడున్నాయి, వాటిని ముందేసుకుని ఏ నెల ఏం తగ్గించాం, ఏది తగ్గించలేక ఏడ్చాం అని ఫోన్‌లో నోటితో చెప్తూ టైప్ చేసుకుంటూ పోయా, ఏడాదికి పుస్తకం అయింది. నేను పదో తరగతి తర్వాత ఉత్తరం తప్ప ఏమీ రాసినదాన్ని కాదు.

అచ్చు వేయించాలంటే ఎవర్ని అడగాలో తెలీక ఫోన్‌లో ఒకాయన్ని పట్టుకుంటే 58,000 ప్యాకేజీ చెప్పాడు. 300 కాపీలు, ప్రమోషన్‌కి 15,000, పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు, అదే ఐఎస్‌బీఎన్, దానికి 3,000. ఇంట్లో చెప్తే మా ఆయన నవ్వి, "ముందు నీ పుస్తకం నువ్వు ఒకసారి చదువుకోవే" అన్నాడు. కోపం వచ్చింది గానీ పాయింటే కదా.

తర్వాత ఎవరో చెప్తే ఈ షాపుకి వెళ్ళా. పైకి ఇనప మెట్లు, నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు జాగ్రత్త. లోపల రెండు కంప్యూటర్లు, ఒక కటింగ్ మిషను, గోడ నిండా శుభలేఖల మోడల్స్. ఓనర్‌గారు పెద్దాయన. నేను 500 కాపీలు అనుకుని వెళ్ళా, ఎందుకంటే ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లు చేసి వేసే పెద్ద మిషను మీద, 500 వేస్తే ఒక్కోటి 50కే పడుద్దని విన్నా. ఆయన, "అమ్మా, మీకు పుస్తకం ఇస్తే కొనేవాళ్ళ పేర్లు ఓ కాగితం మీద రాయండి" అన్నారు. రాశా. మా చెల్లెల్ని రెండుసార్లు రాసినా 61 దాటలేదు. "అయితే డిజిటల్‌లో, ప్లేట్లు లేకుండా కంప్యూటర్ నుంచి నేరుగా, 100 వేసుకోండి, అయిపోతే మళ్ళీ 50 వేద్దాం, ఫైలు నా దగ్గరే ఉంటది, మిగిలిన నాలుగొందలు మంచం కింద పెట్టుకుని ఏం చేస్తారు" అన్నారు. తనకొచ్చే పెద్ద ఆర్డరు వద్దని చెప్పిన మనిషి, అక్కడే ఒక స్టారు ఇచ్చేశా.

లెక్క ఇదీ. డెమ్మీ సైజు (మామూలు నవలల సైజు), 128 పేజీలు, 70 జీఎస్ఎం బరువుండే మ్యాప్‌లితో రకం కాగితం, అట్టకి మ్యాట్ లామినేషన్, కాపీ 92. వందకి 9,200. పేజీ సెట్టింగ్ పేజీకి 20 చొప్పున 2,560. కవర్ డిజైన్ 1,000. మొత్తం 12,760. అడ్వాన్సు సగం. ప్రూఫులకని, అంటే తప్పులు చూసుకునే నమూనా కాగితాలకని, నాలుగుసార్లు తిరిగా, స్త్రీశక్తి ఫ్రీ బస్సు కాబట్టి సరిపోయింది. ఐఎస్‌బీఎన్ సంగతి అడిగితే అక్కడ పనిచేసే అమ్మాయి నవ్వింది. ఆ నంబర్లిచ్చే రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ వాళ్ళ వెబ్‌సైట్‌లో రాసినవాళ్ళే సొంతంగా అప్లై చేసుకోవచ్చంట, ఫీజేం లేదంట. నిజమే, పైసా కట్టలేదు. ఆ 3,000 ఎవరి జేబులోకి పోయేదో మీరే అనుకోండి.

ఇక తిట్లు. వీళ్ళు ఇంకా పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో పాత ఫాంట్లతోనే చేస్తారు, నేను ఫోన్‌లో కొట్టింది యూనికోడ్, అంటే ఇప్పటి ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదివే అక్షరాలు, దాన్ని కన్వర్టర్‌లో వేసి మార్చాలి. మొదటి ప్రూఫ్ చేతికిచ్చారు, చూస్తే పుస్తకం మొత్తంలో రూపాయి గుర్తు ఒక్కటీ లేదు! ఆ గుర్తు వచ్చిందే 2010లో, ఈ ఫాంట్లు దానికంటే ముందువి, గుర్తున్న చోటల్లా ఖాళీ డబ్బా పడింది. డబ్బుల గురించి రాసిన పుస్తకంలో డబ్బుల గుర్తే లేకపోతే ఎట్లా అండీ. ఇంకా జాకెట్టుగుడ్డ అనే మాట ఇంకేదో అయింది, సంక్రాంతి అనే మాటలో వత్తులు విడిపోయాయి. అన్ని చోట్లా "రూ." అని మార్చి ఇచ్చారు, దానికి డబ్బులు అడగలేదు గానీ వారం పోయింది. మీరెళ్తే మొదటి రోజే యూనికోడ్ ఫాంట్‌తో ఇన్‌డిజైన్ అనే కొత్త సాఫ్ట్‌వేర్‌లో చేస్తారా అని అడగండి. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఫ్రీగానే దొరుకుతున్నాయి కదా.

ఆలస్యం ఇంకోటి. పది రోజులన్నారు, 23 పట్టింది. దసరా వెళ్ళాక ఆర్డరిచ్చా, కార్తీకమాసం పెళ్ళిళ్ళు మొదలైతే శుభలేఖల ముందు పుస్తకం ఏపాటిది. ఫోన్ చేస్తే "రేపు ఇచ్చేస్తాం అమ్మా" అనే మాట, ఆ రేపు అనేది పదమూడు రోజులు నడిచింది. బైండింగ్‌లో ఆరు కాపీలకి గమ్ము సరిగ్గా పట్టక మధ్య కాగితాలు ఊడొచ్చాయి, తీసుకెళ్తే మార్చిచ్చారు, మాట్లాడకుండా.

ఇవన్నీ ఉన్నా నాలుగు స్టార్లు ఎందుకంటే ఆ అమ్మాయి వల్ల. సెట్టింగ్ చేసేవాళ్ళు చదవరనుకుంటాం. రెండో ప్రూఫ్‌కి వెళ్తే, "ఆంటీ, 37వ పేజీలో పాలు అరలీటరుకి తగ్గించాం అన్నారు, 81లో ఆ నెల బిల్లు వేశారు, అది లీటరు లెక్క వస్తోంది, ఏది కరెక్టు?" అంది. స్క్రీన్ మీద రెండు పేజీలూ పక్కపక్కన పెట్టింది. నాకు నోట మాట రాలా. రెండూ కరెక్టే. తగ్గించాలని ఇంట్లో అనుకున్నాం, మా ఆయనకి తగ్గించేశానని కూడా చెప్పా, కానీ పొద్దున్నే పాలబ్బాయి ఎదురింటావిడ ముందు క్యాను దించి "ఎంతమ్మా" అంటే నోటికి లీటరు అనే వచ్చేది. అట్లా నాలుగు నెలలు. మిగిలిన పాలు తోడేసి పెరుగు అమ్మకం కూడా చేయలేక మజ్జిగ చేసి పారబోసిన రోజులున్నాయి. ఆ సంగతి పుస్తకంలో లేదు, దాచానని నాకే తెలీదు. అక్కడే స్టూలు మీద కూర్చుని తెల్ల కాగితం అడిగి ఒక పేజీ రాసిచ్చా. చివర్లో ఖాళీ పేజీ ఒకటి ఉంటే అది తీసేసి 128 దాటకుండా సర్దింది. చదివినవాళ్ళు ఫోన్ చేసి ఎక్కువగా మాట్లాడేది ఆ పాల పేజీ గురించే. మా ఆయన కూడా అచ్చులోనే చదివాడు, ఏమీ అనలేదు, మర్నాడు పాలు తను తీసుకొచ్చాడు.

అమ్మకం సంగతి షాపు రివ్యూ కాదు గానీ ఒక్క లెక్క చెప్తా, ఎందుకంటే నేను తెలీక దెబ్బతినబోయా. పుస్తకం మీద ధర 150 వేశా. నాకు అన్నీ కలిపి ఒక్కోటి 127 పైన పడింది. పుస్తకాల షాపులో పెడదామంటే 40 శాతం కమిషన్, అంటే చేతికి 90, అమ్మిన ప్రతి కాపీకి నేనే 37 ఎదురివ్వాలి. అందుకే తెలిసినవాళ్ళకి, వాళ్ళకి తెలిసినవాళ్ళకి, నేనే అమ్ముకున్నా. 83 పోయాయి, డబ్బులిచ్చినవాళ్ళు 71 మంది, మిగతా 12 మంది చుట్టాలు.

మొన్న వెళ్ళి ఇంకో 50కి చెప్పొచ్చా. ఈసారి సెట్టింగ్ ఖర్చు లేదు, కాపీ మాత్రం 95 అన్నారు, తక్కువ కాపీలని మూడు రూపాయలు పెంచారు, బేరమాడినా తగ్గలా. జనవరి బుక్ ఫెస్టివల్ దగ్గర పడితే ఆర్డర్లు ఎక్కువైపోతాయంట, ఇచ్చేవాళ్ళు ముందే ఇచ్చుకోండి. పదకొండు లోపు వెళ్ళకండి, షట్టరు తియ్యరు. ఆ అమ్మాయి బుధవారం రాదు.