అద్దె ఇంట్లో నలుగురైదుగురు: చెన్నై ‘ద బాన్యన్’ వారి ‘హోమ్ అగైన్’ సేవపై సమీక్ష

మానసిక అనారోగ్యంతో ఇల్లు విడిచి రోడ్డున పడినవారిని తీసుకువచ్చి, స్నానం చేయించి, వైద్యం అందించి, కోలుకున్నాక ఊరి పేరు రాబట్టి సొంతవారి దగ్గరకు చేర్చే సంస్థలు మన దేశంలో కొన్ని ఉన్నాయి. ముంబయికి దగ్గరలోని కర్జత్‌లో శ్రద్ధా సంస్థ దశాబ్దాలుగా చేస్తున్న పని ఇదే. దాని వ్యవస్థాపకులు డాక్టర్ భరత్ వాట్వానీకి 2018లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. అయితే చేర్చడానికి ఇల్లంటూ మిగలనివారి సంగతేమిటి? ఇల్లున్నా గడప తొక్కనివ్వని అన్నదమ్ములో, మరో పెళ్లి చేసుకున్న భర్తో ఉన్నవారు ఎక్కడికి వెళ్లాలి? చెన్నైలోని ‘ద బాన్యన్’ సంస్థ ఈ ప్రశ్నకు వెతుక్కున్న జవాబు ‘హోమ్ అగైన్’. ఈ రంగంలో నేను చూసినంతలో ఇంతకంటే మనిషికి మర్యాదనిచ్చే ఏర్పాటు మరొకటి లేదు. లోటుపాట్లు కూడా ఉన్నాయి, వాటి దగ్గరకు వస్తాను.

బాన్యన్‌ను 1993లో వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ స్థాపించారు. వీధిలో దిక్కులేక తిరుగుతున్న ఒక మహిళను ఎక్కడైనా చేర్పించాలని ప్రయత్నించి, ఎవరూ తీసుకోకపోవడంతో, అప్పటికి ఇరవైల తొలినాళ్లలో ఉన్న ఆ ఇద్దరు స్నేహితురాళ్లు తామే ఒక ఆశ్రయం తెరిచారు. తొలుత మహిళల కోసమే మొదలైన ఈ పని మొగప్పేరులోని ‘అడైక్కలం’ కేంద్రంగా పెరిగి, తర్వాత పురుషులకూ విస్తరించింది. చాలామంది చికిత్స పొంది ఇళ్లకు వెళ్లిపోయారు. వెళ్లలేనివారు మాత్రం కోలుకున్నాక కూడా ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయారు. ఎంత మంచి సంస్థ అయినా, జబ్బు తగ్గిన మనిషిని తన ప్రాంగణంలోనే జీవితాంతం ఉంచితే ఆ వ్యక్తికి దక్కేది స్వేచ్ఛ కాదన్న విషయాన్ని సంస్థే గుర్తించి, 2015లో ఈ కొత్త పద్ధతిని చేపట్టడం నాకు అన్నిటికంటే గౌరవం కలిగించిన అంశం. తన లోపాన్ని తానే ఎత్తి చూపుకునే ధర్మసంస్థలు మన దగ్గర అరుదు.

పద్ధతి వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. ఒకరితో ఒకరికి పొసగినవారు నలుగురైదుగురు ఒక జట్టుగా ఏర్పడతారు. పట్నంలోనో, శివారులోనో, పల్లెలోనో అందరూ ఉండే వీధిలోనే ఒక ఇంటిని సంస్థ అద్దెకు తీసుకుంటుంది. ఆ ఇంట్లో వారు వండుకుంటారు, బజారుకు వెళ్తారు, చేయగలిగినవారు పనికి వెళ్తారు, పండగలు చేసుకుంటారు, పోట్లాడుకుంటారు కూడా. వారికి తోడుగా వ్యక్తిగత సహాయకులు ఉంటారు. ఎవరికి ఎంత సాయం కావాలో అంతే అందాలన్నది నియమం కనుక, కొన్ని ఇళ్లలో సహాయకురాలు రాత్రింబగళ్లు ఉంటే, కొన్నింటికి అప్పుడప్పుడు వచ్చి చూసి వెళ్తే చాలు. మందులు, వైద్యుల సంప్రదింపులు, ఆధార్, పింఛను వంటి వ్యవహారాలను సంస్థ సిబ్బంది వెనుక నుంచి చూసుకుంటారు.

చెన్నై శివారులో నేను చూసిన ఇంటికి బోర్డు లేదు. వాకిట్లో ముగ్గు, గుమ్మం పక్కన వరసగా చెప్పుల జతలు. తలుపు గడియ లోపలి వైపున ఉంది. చిన్న విషయంలా కనిపించే ఈ గడియను నేను కొంతసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను. దానికి కారణముంది. అంతకుముందు మా బంధువు ఒకరి కోసం ఆంధ్రలోని ఒక నగరంలో ఒక ఆశ్రమాన్ని చూడటానికి వెళ్లాను. అక్కడ గేటుకు బయటి నుంచి తాళం వేశారు, పేల బెడద అని చెప్పి ఆడవారందరికీ గుండు గీయించారు, అందరికీ ఒకే రంగు నైటీలు తొడిగారు. అన్నం వేళకు పెడుతున్నారు, శుభ్రంగా ఉంచుతున్నారు, కొట్టడం లేదు. అయినా మా బంధువును అక్కడ వదిలి రావడానికి మనసొప్పలేదు. ఇక్కడ ఈ ఇంట్లో, నెల్లూరు వైపు నుంచి ఎన్నడో రైలెక్కి వచ్చిన ఒక పెద్దామె నా తెలుగు వినగానే “ఏ ఊరు నాయనా మీది?” అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండానే, ఈ ఇంట్లో ఎవరికీ కారం తినడం చేతకాదనీ, తన వంతు వచ్చిన రోజున తప్ప పులుసు పులుసులా ఉండదనీ ఫిర్యాదు మొదలుపెట్టారు. ఆమె బీరువా తాళంచెవి కొంగున ముడివేసి ఉంది. మాట్లాడుతున్నంతసేపూ దాన్ని వేళ్లతో తడుముతూనే ఉన్నారు. పులుసు మీద పేచీ పెట్టే హక్కు, నా వస్తువులు నావి అని తాళం వేసుకునే హక్కు ఆ ఆశ్రమంలో ఎవరికీ లేవు.

ఇది కేవలం ఒక సంస్థ దయాగుణానికి సంబంధించిన విషయం అనుకోవడం పొరపాటు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రయానికి నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టివేసి ఉన్న 28 మంది తప్పించుకునే వీలులేక కాలిపోయారు. దేశాన్ని కదిలించిన ఆ ఘటన తర్వాత చాలాకాలానికి వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, తన 19వ సెక్షన్‌లో, మానసిక అనారోగ్యం ఉన్న ప్రతి వ్యక్తికీ సమాజంలో జీవించే హక్కు ఉందనీ, కుటుంబం లేదనో, కుటుంబం అంగీకరించడం లేదనో, ఇల్లు లేదనో, బయట తగిన వసతి లేదనో చెప్పి ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచేయకూడదనీ స్పష్టంగా చెప్పింది. అంటే ఇలాంటి ఇళ్లు ఏర్పాటు కావడం ఎవరి దాక్షిణ్యమో కాదు, ప్రభుత్వాలు తీర్చవలసిన బాధ్యత. హోమ్ అగైన్ తమిళనాడు దాటి కేరళకు, అస్సాంకు వెళ్లింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సమాజ ఆధారిత మానసిక ఆరోగ్య సేవలపై వెలువరించిన మార్గదర్శకాలలో దీనిని ఆదర్శప్రాయమైన సేవలలో ఒకటిగా పరిచయం చేసింది.

ఇక లోటుపాట్లు. మొదటిది, ఇల్లు దొరకడం. ఒంటరి ఆడవారికే అద్దెకు ఇవ్వడానికి సవాలక్ష ప్రశ్నలు వేసే యజమానులు, అద్దెకు దిగేవారు మానసిక చికిత్స పొందినవారని తెలిస్తే ఏమంటారో ఊహించడం కష్టం కాదు. రెండవది, ఈ ఇల్లు ఇల్లుగా మిగలడం చాలావరకు సహాయకురాలి స్వభావం మీద ఆధారపడి ఉంటుంది. ఏమి వండాలో, ఎప్పుడు పడుకోవాలో, ఎవరితో మాట్లాడాలో అన్నీ ఆమే నిర్ణయించే పక్షంలో, ఐదుగురున్న అద్దె ఇల్లు కూడా చిన్న ఆశ్రమమైపోతుంది. కనుక ఆమె శిక్షణ, జీతం, సెలవులు ఈ సేవకు ప్రాణం వంటివి. మూడవది, అవసరం కొండంత ఉన్న దేశంలో ఇంటికి నలుగురైదుగురు చొప్పున చేసే ఏర్పాటు దాతల సొమ్ము మీదే నడిస్తే ఎన్నటికీ సరిపోదు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి, విశాఖ చినవాల్తేరులోని మానసిక వైద్యశాల ఉన్న రెండు తెలుగు రాష్ట్రాలకూ చట్టం ఒకటే. ఆ ఆసుపత్రుల వార్డుల నుంచి వీధిలోని ఇంటికి దారి వేయవలసింది ప్రభుత్వాలే, ఆ దారి ఎలా ఉండాలో చూపే నమూనా పక్క రాష్ట్రంలోనే ఉంది.

మనవైపు దాతలకు కూడా ఒక మాట చెప్పాలి. పుట్టినరోజుకో, పెద్దల తద్దినానికో ఆశ్రమానికి వెళ్లి ఒకపూట అన్నదానం చేసి, ఫోటో దిగి రావడం మనకు బాగా అలవాటైన ధర్మం. హోమ్ అగైన్ వంటి సేవకు అది అతకదు, ఎందుకంటే అక్కడ వరసగా కూర్చోబెట్టి వడ్డించడానికి వంద మంది ఉండరు, ఎవరి ఇంట్లోకైనా వెళ్లినట్టే ముందుగా అడిగి వెళ్లాలి. ఇలాంటి సేవకు కావలసింది నెలనెలా కట్టే అద్దె, సహాయకురాలి జీతం, మందుల ఖర్చు. ఈ తరహా సేవ చేస్తున్నామని చెప్పే ఏ సంస్థకైనా విరాళం ఇచ్చే ముందు, రాత్రిపూట తలుపు గడియ ఎవరు వేస్తారో, ఆ ఇళ్లలో ఉండేవారి పింఛను డబ్బు ఎవరి చేతిలో ఉంటుందో, ఇద్దరికి పడకపోతే ఇల్లు మారే వీలుందో లేదో అడగండి.