ఊక బాయిలర్ నీటిమట్టానికి ఫ్లోటా, ప్రోబా: ఏది మేలు?

దాళ్వా ధాన్యం మిల్లులకు చేరే రోజులొస్తే చాలు, తెలిసిన మిల్లుల వాళ్లు ఒకటే అడుగుతారు: "లెవెల్‌కి ఫ్లోట్ ఉంచమంటారా, ప్రోబ్‌లకి మారమంటారా?" ఫ్లోట్ అంటే నీటి మీద తేలే డొల్ల, ప్రోబ్ అంటే నీళ్లలోకి దించే కడ్డీ. ఈమధ్య మా బాయిలర్ ఓవర్‌హాల్ చేయించినప్పుడు నేనూ ఈ సంగతి తేల్చుకోవాల్సి వచ్చింది. మాది మండపేట వైపు ఉప్పుడు బియ్యం మిల్లు, ఊకతో మండే బాయిలర్.

గేజ్ గ్లాసులు (నీటిమట్టం కంటికి కనబడే గాజు గొట్టాలు) ఎలాగూ ఉంటాయి. నీటిమట్టం చూసుకోవడానికి రెండు సాధనాలు ఉండాలని 1950 నాటి ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) నిబంధనలే చెబుతాయి. మనిషి చూడని క్షణంలో పంపు నడిపేదేది, నీళ్లు తగ్గితే మంట ఆపేదేది అన్నదే ఇక్కడ ప్రశ్న.

ధర, సర్వీసు, స్పేర్లు అందరూ చూస్తారు. నేను ముందు చూసేది వేరు. ఇది చెడిపోయిన రోజున ఏం చెబుతుంది? నీళ్లుండగా "లేవు" అంటే బాయిలర్ ఆగుతుంది. తొట్లలో నానిన ధాన్యం పులిసి వాసనొస్తుంది, ఆ పూటకి నష్టపోతాం. నీళ్లు లేనప్పుడు "ఉన్నాయి" అంటే మాత్రం ట్యూబులు ఎర్రగా కాలి మెత్తబడతాయి. దాని పక్కన మనుషులుంటారు.

నాకీ పట్టుదల ఊరికే రాలేదు. కొన్నేళ్ల కిందట వేసవిలో, రాత్రి షిఫ్టులో మా ఆపరేటర్ వచ్చి, "పంపు పలకట్లేదండి, చాలాసేపయింది" అన్నాడు. వెళ్లి చూస్తే గ్లాసులో సగానికి నీళ్లున్నాయి. కానీ ఆ నీళ్లు ఆడటం లేదు. బాయిలర్ ఉడుకుతుంటే గ్లాసులో నీటి అంచు సన్నగా వణుకుతూ ఉండాలి. అది గీత గీసినట్టు కదలకుండా ఉంది. డ్రెయిన్ తెరిచి ఆవిరి కాక్ మూస్తే కింది నుంచి నీళ్లు బుస్సుమని రావాలి, ఏమీ రాలేదు. నీటివైపు దారి గారతో పూడుకుపోయింది. పైనుంచి వచ్చే ఆవిరి చల్లారి నీరై గ్లాసులోనే నిలిచింది. మేము చూస్తున్నది ఆ నీళ్లనే. రెండో గ్లాసు అప్పటికే లీకవుతోందని కాక్‌లు కట్టేసి ఉంచాం. ఫ్లోట్ గది అడుగున నల్లటి బురద పేరుకుని ఫ్లోట్ పైనే ఇరుక్కుంది. బ్లోడౌన్ (అడుగు వాల్వు తెరిచి బురద నీళ్లు బయటకు వదలడం) చేయాల్సిన షిఫ్టుల్లో చేయలేదు, ఆ తప్పు పూర్తిగా మాదే. ఊక, ఫ్యాన్లు ఆపేసి, మంట లాగేసి, పంపు జోలికి పోకుండా చల్లారనిచ్చాం. కాలిన ట్యూబుల మీద చల్లనీళ్లు పడితే ఒక్కసారిగా ఆవిరై బాయిలర్ పేలిపోవచ్చు. తెల్లారి తెరిస్తే ట్యూబుల మీద నీళ్లు రెండు వేళ్ల ఎత్తు మిగిలి ఉన్నాయి.

ఫ్లోట్‌ని తీసిపారేయమని నేననను. డొల్లకి చిల్లు పడితే అది మునిగి "నీళ్లు లేవు" అంటుంది, అది మంచిదే. బురదలో పైన ఇరుక్కుంటేనే ప్రమాదం. జులై, ఆగస్టుల్లో గోదావరికి ఎర్రనీళ్లు వచ్చినప్పుడు కాలువ నీళ్లు సరిగా తేరకుండానే ట్యాంకులోకి పోతే ఆ ఒండ్రంతా ఫ్లోట్ గదిలోకే చేరుతుంది.

ప్రోబ్ దారి వేరు. కడ్డీ కొన నీళ్లకు తగిలితే కరెంటు పారుతుంది, తగలకపోతే పారదు. కొనకి గార కట్టినా, వైరు తెగినా "లేవు" అనే అంటుంది. నా ఓటు దానికి పడటానికి కారణం ఇదే. దానికీ ఒక దొంగ దారి ఉంది. పైన ఉండే టెఫ్లాన్ ఇన్సులేటర్‌కి ఉప్పు పొర పడితే కరెంటు దాని మీదుగా బాడీకి కారిపోతుంది, అప్పుడు "ఉన్నాయి" అంటుంది. తన ఇన్సులేషన్‌ను తనే పరీక్షించుకునే రకం ప్రోబ్‌లు దొరుకుతున్నాయి. ఖరీదెక్కువ, అయినా ట్రిప్‌కి (నీళ్లు తగ్గితే మంట ఆపే పనికి) అవే వేయాలి.

ప్రోబ్‌కి అసలు పరీక్ష కాలువలు కట్టేశాక మొదలవుతుంది. అందరం బోరు నీళ్లకు దిగుతాం, సముద్రం దగ్గరయ్యేకొద్దీ అవి ఉప్పెక్కుతాయి. సాఫ్ట్‌నర్ ఉందిగా అని ధీమాగా ఉంటారు. సాఫ్ట్‌నర్ గార కట్టకుండా ఆపుతుంది గానీ టీడీఎస్ (లీటరు నీటిలో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) తగ్గించదు. బాయిలర్‌లో టీడీఎస్ 3,500 దాటనివ్వకూడదు అనుకుందాం. 200 ఉన్న కాలువ నీళ్లయితే 100 లీటర్లు ఆవిరయ్యేలోగా 6 లీటర్లు బ్లోడౌన్ వదిలితే చాలు. 1,000 ఉన్న బోరు నీళ్లకు 40 లీటర్లు వదలాలి. అంత వేడి నీళ్లు పారబోసి ఊక వృథా చేయడం ఇష్టంలేక వదలరు. నురగ లేస్తుంది. ఆ నురగ తగిలినా ప్రోబ్ నీళ్లనే అనుకుంటుంది. చుట్టూ గొట్టం ఉన్న ప్రోబ్ పెట్టి, రోజూ టీడీఎస్ చూస్తే ఇది అదుపులో ఉంటుంది.

డీపీ ట్రాన్స్‌మిటర్ (నీటి బరువు వల్ల వచ్చే ఒత్తిడి తేడాని బట్టి మట్టం చెప్పేది) చక్కెర మిల్లుల పెద్ద బాయిలర్లకు సరే. 10 కిలోల ప్రెషర్‌లో నీళ్లు 183 డిగ్రీలకు చేరి లీటరు 880 గ్రాములే తూగుతాయి. ఆ లెక్కలు సరిచూసే మనిషి చిన్న మిల్లులో ఉండడు. పైనుంచి తరంగాలు పంపి మట్టం కొలిచే రాడార్ మంచిదే, ధర ఎక్కువ. ఫ్యూజిబుల్ ప్లగ్ (నీళ్లు తగ్గి వేడెక్కితే కరిగిపోయే లోహపు బిరడా) ఆఖరి దిక్కు మాత్రమే, దాన్ని లెవెల్ సాధనం కింద లెక్కేయొద్దు.

చివరికి మేం పంపుని ఫ్లోట్‌కి వదిలేశాం. ట్రిప్‌కి రెండు ప్రోబ్‌లు, వేరే ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే మూతి) మీద పెట్టాం. ఫ్లోట్ ఎర్రనీళ్ల కాలంలో మోసం చేస్తే ప్రోబ్ బోరు నీళ్ల కాలంలో చేస్తుంది, రెండూ ఒకేసారి మోసం చేయడం అరుదు. ఒక్కటే కొనగలిగితే ప్రోబే కొనండి. ట్రిప్ లెవెల్ కూడా కాస్త పైనే పెట్టించాం. ఆయిల్ బర్నరైతే స్విచ్ పడగానే ఆరిపోతుంది, ఊక మాత్రం ఫ్యాన్లు ఆగాక కూడా గ్రేట్ (ఊక మండే ఇనప జాలీ) మీద కణకణలాడుతూనే ఉంటుంది.

ఇప్పుడు ప్రతి సోమవారం ఆపరేటర్ పక్కన నేనూ నిలబడతాను. పంపు ఆపేసి, ఆవిరి పోతుండగా నీళ్లను నిజంగానే తగ్గనిస్తాం. గ్లాసులో నీళ్లు ఇంకా కంటికి కనబడుతుండగానే సైరన్ మోగాలి, ఫ్యాన్లు ఆగాలి. మోగకపోతే ఆ రోజు ధాన్యం ఉడకబెట్టం.