36 ఫొటోలు, ఒక మెట్ల దారి

కంపోజిషన్, అంటే ఫొటోలో ఏది ఎక్కడ ఉండాలో కుదుర్చుకోవడం, సాధన చేయడానికే నగరంలో రెండు రోజులు తిరిగాను. ముందే మూడు షరతులు పెట్టుకున్నాను. 50 ఎంఎం లెన్స్ ఒక్కటే, రోజుకు 36 ఫొటోలు, తర్వాత క్రాప్ చేయకూడదు, అంటే అంచులు కత్తిరించకూడదు. పాత ఫిల్మ్ రోల్‌లో వచ్చేవీ ఆ 36 ఫొటోలే. జూమ్ లేదు కాబట్టి దగ్గరవ్వాలన్నా దూరం జరగాలన్నా నడవాల్సిందే.

అందరూ చెప్పే వ్యూపాయింట్‌కు మొదట వెళ్లాను. ఈ పనికి అది అంతగా ఉపయోగపడలేదు. పైనుంచి చూస్తే అన్నీ దూరంగా, చిన్నగా కనిపిస్తాయి, ముందు భాగంలో నిలబెట్టుకోవడానికి ఏమీ దొరకదు. రెయిలింగ్ దాటి అడుగు వేసే వీలు లేదు. రెండు ఫొటోలతో దిగొచ్చేశాను.

కాలినడక వంతెన నయం. మధ్యలో నిలబడితే రెండు వైపుల రెయిలింగులూ చూపును నేరుగా లోపలికి లాక్కెళ్తాయి. మోకాళ్ల మీద కూర్చుంటే అవే గీతలు ఇంకా నిటారుగా లేస్తాయి. పొద్దున్నే కిందికి చూస్తే మనుషుల కంటే నీడలే పొడుగు. కాకపోతే జనం నడుస్తుంటే వంతెన కాస్త అదురుతుంది, షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచే స్లో షట్టర్ కుదరదు.

నన్ను కట్టిపడేసింది మాత్రం రెండు గోడల మధ్య ఉన్న రాతి మెట్ల దారి. ఏటవాలుగా ఎండ, సగం గోడ నీడలో. ముందు బ్యాక్‌గ్రౌండ్ సరిచూసుకుని, మనిషి వచ్చేదాకా కదలకుండా ఉండటమే అక్కడి సాధన. షట్టర్ 1/500 (సెకనులో ఐదువందలో వంతు) పెట్టి గంటకు పైగా నిలబడ్డాను. సంచి పట్టుకుని ఒకాయన దిగాడు. క్లిక్ మన్నాక చూస్తే వెనక ఉన్న స్తంభం ఆయన తలలోంచి మొలిచినట్టుంది! అర అడుగు ఎడమకు జరిగితే స్తంభం తప్పుకుంది, ఆయనా వెళ్లిపోయాడు. ఇరవై నిమిషాల తర్వాత ఒక పాప గోడకు చెయ్యి రాస్తూ పరుగున వచ్చింది. కాళ్లు రెండూ విడిగా, నీడ మూడు మెట్లు కిందికి. అది ఆ రోజు 29వ ఫొటో. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్-బ్రెసాన్ 1932లో పారిస్‌లో సెయింట్ లజార్ స్టేషన్ వెనక తీసిన ఫొటో గుర్తొచ్చింది. నీళ్ల మీదుగా దూకుతున్న మనిషి మడమ నీటిని తాకడానికి వెంట్రుకవాసి దూరంలో ఉంటుంది. క్రాప్ ఇష్టపడని కార్టియర్-బ్రెసాన్ కూడా దాన్ని క్రాప్ చేయాల్సి వచ్చింది.

నొక్కేముందు ఫ్రేమ్ నాలుగు అంచులూ ఒకసారి చూసుకోవడం ఇంకో అభ్యాసం. మొదటి పదిలో ఏడింటికి ఏదో ఒక మూల సగం చెత్తబుట్టో తెగిన తీగో దూరింది. సాయంత్రానికి బాగా తగ్గింది.

బస విషయానికొస్తే, మెట్లకు ఐదు నిమిషాల నడకలో చిన్న గది తీసుకున్నాను. గాలి తక్కువ, వేడినీళ్లు ఆలస్యంగా వచ్చేవి. అయినా వెలుతురు రాకముందే చేరుకోగలిగాను, తెల్లవారుజామున గేటు తీయడానికి కాపలా ఆయన ఒక్కసారీ విసుక్కోలేదు. మంచి వ్యూ ఉన్న గది దూరంలో దొరికింది కానీ, ప్రయాణంలోనే పొద్దెక్కిపోయేది.

రెండో రోజు పొద్దున ఒక ఫొటోవాక్‌లో చేరాను. పద్నాలుగు మందిమి, మూడు గంటలు, ఆరు చోట్లు. గైడ్‌కు విషయం బాగా తెలుసు, ఫ్రేమ్‌ను మూడు భాగాలుగా చూడటం చక్కగా చూపించాడు. కానీ వెలుతురు కుదిరే సమయానికి "పదండి" అనేవాడు. కొత్త సందుల్లో ఒంటరిగా తిరగడానికి భయపడేవాళ్లకు, మొదటిసారి కెమెరా పట్టినవాళ్లకు బాగుంటుంది. ఒకచోట నిలబడి నేర్చుకోవాలనుకునేవాళ్లకు వద్దంటాను.

మధ్యాహ్నం మళ్లీ మెట్ల దగ్గరికే వెళ్లాను. మిగిలిన ఫొటోలన్నీ అక్కడే అయిపోయాయి. ఈసారి వానాకాలంలో రావాలి, గది మాత్రం అదే. ఆ రాళ్లు తడిస్తే పైనున్న ఆకాశం ఎన్ని మెట్ల మీద కనిపిస్తుందో చూడాలని ఉంది.