బైడెన్, శాండర్స్, బుటిజెజ్: 2020లో అసలు గెలుపు గుర్రం ఎవరు?

మన దగ్గర ఎన్నికలొస్తే టీవీలో పొద్దున్నుంచీ వినబడే మాట ఒకటే, "ఈసారి గెలుపు గుర్రాలకే టికెట్లు." సర్వేలు చేయించి, కులం లెక్కలు చూసి, డబ్బు పెట్టుకోగలడో లేదో ఆరా తీసి, చివరికి పార్టీ అధ్యక్షుడు ఒక పేరు ఖాయం చేస్తాడు. మనం ఓటేసే రోజుకి ఆ తలనొప్పి వేరేవాళ్లు పడి ఉంటారు. అమెరికాలో పార్టీ అభ్యర్థిని తేల్చేది ప్రైమరీ అనే ముందు ఎన్నిక, అందులో ఆ తలనొప్పి మామూలు ఓటరుదే. చేతిలో సర్వే రిపోర్టు ఉండదు, కానీ పార్టీ అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నట్టే ఉంటుంది. నాకెవరు నచ్చారన్నది పక్కకు పోయి, పెన్సిల్వేనియాలో ఎవరో మొహం తెలియని పెద్దమనిషి నవంబర్‌లో ఎవరికి వేస్తాడా అని బుర్ర బద్దలు కొట్టుకోవడం మొదలవుతుంది.

2020లో డెమొక్రాట్లకి ఈ జబ్బు బాగా ముదిరింది. కారణం 2016. హిల్లరీ క్లింటన్‌కి దేశం మొత్తం మీద ట్రంప్ కంటే 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చాయి, అయినా ఓడిపోయింది, ఎందుకంటే అక్కడ అధ్యక్షుణ్ణి తేల్చేది రాష్ట్రాలవారీ లెక్క, మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడూ కలిపి 78 వేల లోపు తేడాతో చేజారాయి. మిషిగన్‌లో అయితే 10,704 ఓట్లు, మన దగ్గర ఒక అసెంబ్లీ సీటు మెజారిటీ అంత. ఆ దెబ్బ తిన్నాక ఎవర్ని కదిపినా "ట్రంప్‌ని ఓడించేది ఎవరో చెప్పు, వాళ్లకే వేస్తా" అనేవాళ్లే.

నేను అప్పుడు డల్లాస్ దగ్గర ఉన్నాను, పౌరసత్వం వచ్చాక నా మొదటి ప్రైమరీ. టెక్సస్‌లో ముందుగా ఏ పార్టీలోనూ పేరు రాయించుకోనక్కర్లేదు, బూత్ దగ్గర బల్ల వెనక కూర్చున్నావిడ "ఏ పార్టీ ప్రైమరీ?" అని అందరి ముందే అడుగుతుంది. క్యూలో ముందు మా ఆఫీసు పెద్దాయన, వెనక గుళ్లో కనబడే ఇంకొకాయన. జవాబు చెప్పడానికి నా గొంతు కొంచెం తగ్గిన మాట నిజం.

సరే, గుర్రాల సంగతికొద్దాం.

బుటిజెజ్‌తో మొదలుపెడతా, ఆయన కథ చిన్నది కాబట్టి. 38 ఏళ్లు, లక్ష జనాభా ఉన్న సౌత్ బెండ్‌కి మేయర్‌గా చేశాడు, అఫ్ఘానిస్థాన్‌లో పనిచేసిన సైనికుడు, మాటకారి. అన్నిటికంటే ముందు జరిగిన అయోవా కాకస్‌లో (సభ పెట్టి వేసే ఓటు) డెలిగేట్ల, అంటే పార్టీ సభకి వెళ్లే ప్రతినిధుల, లెక్కలో వెంట్రుకవాసిలో ముందున్నాడు, విడి ఓట్లలో మాత్రం శాండర్స్ ముందు. మా బావకి ఆయనంటే పిచ్చి. "చదువుకున్నవాడు, నెమ్మదిగా మాట్లాడతాడు, రిపబ్లికన్లు కూడా వేస్తారు చూడు" అనేవాడు. నాకు మాత్రం ఒక్క విషయం అడ్డం పడేది. అయోవా, న్యూ హ్యాంప్‌షైర్ దాదాపు తెల్లవాళ్ల రాష్ట్రాలు. నల్లజాతి ఓటర్లు ఈయన వైపు తిరిగి చూడలేదు, ఇందాకటి మూడు రాష్ట్రాల పెద్ద ఊళ్లు డెట్రాయిట్, మిల్వాకీ, ఫిలడెల్ఫియాలో వాళ్లు కదలకుండా డెమొక్రాట్ గెలిచే దారి లేదు. ఇంట్లో వండినదాన్ని ఇంట్లోవాళ్లే తినకపోతే పక్కింటివాళ్లు తింటారని ఎలా అనుకుంటాం?

ఇంకో అభ్యర్థి, సెనేటర్ ఎలిజబెత్ వారెన్ విషయంలో జరిగింది ఇంకా అన్యాయం. ఆమె పాలసీలు నచ్చాయనేవాళ్లే "కానీ జనం ఆడమనిషికి వెయ్యరు" అని పక్కకు తప్పుకున్నారు. వెయ్యని ఆ జనం ఎవరయ్యా అంటే, వీళ్లే. సొంత రాష్ట్రం మసాచుసెట్స్‌లోనే మూడో స్థానం. న్యూయార్క్‌కి మేయర్‌గా చేసిన కుబేరుడు బ్లూమ్‌బర్గ్ గురించి ఒక్క ముక్క చాలు: వందల మిలియన్ల డాలర్లు కుమ్మరించి పసిఫిక్‌లోని చిన్న దీవులు, అమెరికన్ సమోవా ఒక్కటి గెలిచాడు.

మిగిలింది అసలు పోటీ: తనని తాను సోషలిస్టునని చెప్పుకునే సెనేటర్ శాండర్స్, ఒబామా దగ్గర ఉపాధ్యక్షుడిగా చేసిన బైడెన్.

శాండర్స్ మనుషులు చెప్పే లెక్క వినడానికి బాగుంటుంది. ఎటూ తేల్చుకోని మధ్యవాళ్ల కోసం వెంపర్లాడటం దండగ, అసలు ఓటే వెయ్యని కుర్రాళ్లని, కూలీలని, లాటినోలని బూత్‌కి తీసుకొస్తే చాలన్నది వాళ్ల వాదం. ఇది గాలి మాట కాదు. నెవాడాలో లాటినోలు ఆయన వెనక నిలబడ్డారు, అక్కడ మిగతావాళ్లకి అందనంత ముందున్నాడు. చిన్న చిన్న చందాలతో కొండంత డబ్బు పోగేశాడు. ట్రంప్‌తో ముఖాముఖి సర్వేల్లో కూడా బైడెన్‌కి పెద్దగా తగ్గలేదు. సర్వే చూసి టికెట్ ఇచ్చేటట్టయితే ఇద్దరికీ పెద్ద తేడా లేదు.

తేడా తెలిసింది మార్చి 3న, టెక్సస్‌తో పాటు చాలా రాష్ట్రాల్లో ఒకేసారి ప్రైమరీ జరిగిన మంగళవారం. ఆ రోజు వర్జీనియాలో 13 లక్షల పైచిలుకు ఓట్లు పడ్డాయి, 2016 ప్రైమరీలో పడింది 8 లక్షల లోపే. అంటే కొత్త ఓటర్లు నిజంగానే వచ్చారు, శాండర్స్ చెప్పినట్టే. కాకపోతే వచ్చినవాళ్లలో చాలామంది ఊరి శివార్లలో ఉండే, ట్రంప్‌ని చూసి విసిగిపోయిన చదువుకున్న మధ్యతరగతి, వాళ్లు వేసింది బైడెన్‌కి. వారం తర్వాత మిషిగన్. 2016లో హిల్లరీ మీద శాండర్స్ గెలిచిన రాష్ట్రం అది, ఈసారి ఒక్క కౌంటీ కూడా మిగల్లేదు. అంటే 2016లో ఆయనకి పడిన ఓట్లలో ఆయన మీద ప్రేమ ఎంతో, హిల్లరీ మీద కోపం ఎంతో అప్పుడు తేలింది. నా మట్టుకు నాకు ఆ ప్రైమరీ మొత్తంలో ఇంతకంటే పనికొచ్చే సమాచారం లేదు.

బైడెన్‌లో లోపాలు తక్కువేం కాదు. 77 ఏళ్లు, డిబేట్‌లో మాట మధ్యలో ఆగిపోతాడు, 1988, 2008 ఎన్నికలకి పోటీకి దిగి మధ్యలోనే చేతులెత్తేశాడు. ఫిబ్రవరిలో అయోవాలో నాలుగో స్థానం, న్యూ హ్యాంప్‌షైర్‌లో అయిదో స్థానం. గెలుపు గుర్రమని పేరు పెట్టుకుని వరసగా ఓడిపోతుంటే ఆ పేరుకి అర్థమేంటని మేమంతా నవ్వుకున్నాం. మరి ఆ నెలాఖరున సౌత్ కరోలినాలో ఎందుకు భారీ తేడాతో గెలిచాడు? అక్కడి నల్లజాతి నాయకుడు, కాంగ్రెస్ సభ్యుడు జిమ్ క్లైబర్న్ బహిరంగంగా ఆయన పక్షాన నిలబడటం ఒకటి. దానికంటే పెద్దది, అక్కడ ప్రైమరీలో ఓటేసేవాళ్లలో సగానికి పైగా నల్లజాతివాళ్లు, ఒబామా పక్కన ఎనిమిదేళ్లు నిలబడిన మనిషని వాళ్లకి తెలుసు. ఆ పెద్దవాళ్లకి ఇంకో విషయం కూడా తెలుసు, తమ పక్కన ఉండే తెల్ల ఓటరు ఎంతవరకు వస్తాడు, ఎక్కడ ఆగిపోతాడు అని. టీవీలో కూర్చున్న పండితుల కంటే వాళ్ల అంచనా నాకు ఎక్కువ నమ్మకంగా అనిపించింది.

ఇక మా బావ కథ. ఆయన ఫిబ్రవరిలోనే, పోలింగ్ రోజుకి ముందే వేసే ఎర్లీ ఓటింగ్‌కి వెళ్లి బుటిజెజ్‌కి వేసొచ్చాడు, వేలికి సిరా లేకపోయినా ఓటేసిన స్టిక్కర్ చొక్కాకి అంటించుకుని ఫొటో కూడా పెట్టాడు. మార్చి 1, ఆదివారం రాత్రి బుటిజెజ్ తప్పుకున్నాడు. సోమవారం ఇంకో అభ్యర్థి, సెనేటర్ క్లోబుచర్ కూడా. ఆ సాయంత్రం ఇద్దరూ మా డల్లాస్‌కే వచ్చి బైడెన్‌కి మద్దతు పలికారు. బావ ఫోన్ చేసి "ఒరేయ్, నా ఓటు వాపస్ ఇస్తారా?" అన్నాడు. ఇవ్వరు బావా అన్నాను. నేను మంగళవారం వేశాను, బైడెన్‌కి. టెక్సస్ కూడా ఆయనే గెలిచాడు, శాండర్స్ మీద అయిదు శాతం లోపు తేడాతో.

శాండర్స్ అయితే నవంబర్‌లో ఓడేవాడా? నా అంచనా, ఓడేవాడు, కానీ దగ్గరగా. బైడెన్ గెలిచిందే అరిజోనాలో 10,457, జార్జియాలో 11,779, విస్కాన్సిన్‌లో 20,682 ఓట్లతో. జార్జియా శివార్లలో మనవాళ్లు కూడా బాగానే ఉన్నారు, వాళ్లలో కొందరైనా శాండర్స్ పన్నుల మాట వింటే ఆ రోజు ఇంట్లోనే కూర్చునేవాళ్లు. పైగా సోషలిస్టు అన్న ముద్ర బైడెన్‌కే గట్టిగా తగిలింది. మయామీ-డేడ్ కౌంటీలో హిల్లరీకి 29 పాయింట్ల ఆధిక్యం ఉంటే బైడెన్‌కి వచ్చేసరికి 7కి పడిపోయింది. ఆ మాట తానే ఒప్పుకుని తిరిగే మనిషి అక్కడ నిలబడితే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ఒక్కటి మాత్రం శాండర్స్ వైపు ఒప్పుకుంటాను. టెక్సస్ సరిహద్దు దగ్గర లాటినో కౌంటీల్లో బైడెన్ ఘోరంగా జారిపోయాడు, స్టార్ కౌంటీలో 60 పాయింట్ల ఆధిక్యం 5కి వచ్చింది. అక్కడ శాండర్స్ మేలుగా ఉండేవాడేమో.

గుర్రాల మీద పందేలు కాసేవాళ్లని పాత కథలూ వెనక్కి లాగుతూనే ఉంటాయి. 2004 డెమొక్రాట్ ప్రైమరీలో హోవర్డ్ డీన్ అనే అభ్యర్థి గెలవడని, వియత్నాం యుద్ధంలో పతకాలు తెచ్చుకున్న జాన్ కెర్రీ అయితే బుష్‌కి జవాబని పట్టుకొచ్చారు. అవతలివాళ్లు తిన్నగా ఆ యుద్ధం రికార్డు మీదే ప్రకటనలు వేశారు, ఒహాయోతో పాటు ఎన్నికా పోయింది. 2020లో నెగ్గిన బైడెన్‌నే 2024లో పెద్దగా పోటీ లేకుండా మళ్లీ తెచ్చారు, జూన్ 27 డిబేట్ అయ్యాక నెల తిరక్కుండా జులై 21న ఆయనే తప్పుకున్నాడు.

ఆ ఆదివారం కూడా బావ ఫోన్ చేశాడు. ఆ ఏడు ప్రైమరీలో ఆయన ఎర్లీ ఓటింగ్ జోలికి పోకుండా సరిగ్గా ఆఖరి రోజే వెళ్లి, బైడెన్‌కి వేసొచ్చాడు.